లైటు స్తంభానికి ఊలు అల్లి తొడిగితే అది కళ అవుతుందా?

ఊలుండ (తిరుపతి) – ఆదివారం రాత్రి 9:10

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే కానీ రాసింది తక్కువ. ఒక మాట మనసులో గుచ్చుకుని ఉంది, మీ అందరినీ అడగాలనిపించింది.

మాది బాలాజీ కాలనీ వైపు. వీధి చివర చిన్న పార్కు ఉంది. నేనూ, మా వీధిలో ఇంకో ఐదుగురు ఆడవాళ్లూ సంక్రాంతి అయినప్పటి నుంచి సాయంత్రాలు కూర్చుని క్రోషియా అల్లినాం. టీవీ మీదికి, టీపాయ్ మీదికి అల్లి అల్లి ఇండ్లు నిండిపోయినాయి. ఈసారి బయట పెడదాం అని ఎదురింటి వదిన అనింది. గేటు పక్కన లైటు స్తంభానికి అడుగు నుంచి మనిషెత్తు దాకా రంగురంగుల చదరాలు, రెండు సిమెంటు బెంచీల చేతులకు తొడుగులు, లోపలుండే వేపచెట్టు మొదలుకు ఒక పొడుగాటి పట్టీ. అంతే మేము చేసింది.

స్తంభం చుట్టుకొలత పాత చీర అంచుతో కొలుచుకొచ్చినాం. ఇరవై రెండు అంగుళాలు. అల్లింది మాత్రం ఇరవైకే. లాగి కుడితేనే జారదు, కొలతకు సరిగ్గా అల్లితే నాలుగు రోజులకు కిందికి దిగి ముడతలు పడుతుంది. కుట్టాల్సింది స్తంభం దగ్గరే నిలబడి. పొద్దున ఆరుకే పోయినాం, ఎండెక్కితే ఇనుము చెయ్యి పెట్టనియ్యదు కాబట్టి. ఒకరు లాగి పట్టుకోవాలి, ఇంకొకరు కుట్టాలి. ఆ రెండు గంటల్లో మా వీధిలో ఎప్పుడూ పలకరించని వాళ్లు పదిమంది ఆగి మాట్లాడినారు.

తొమ్మిదో రోజు పోయి చూస్తే స్తంభం మీద అల్లిక లేదు. పార్కు చూసుకునే వాళ్లు పై నుంచి కిందికి కత్తెరతో నిలువునా కోసి తీసేసినారు. బెంచీలవి ఉన్నాయి, చెట్టుది ఉంది. అడిగితే సరిగ్గా జవాబు లేదు. రోజూ నడవడానికి వచ్చే ఒక పెద్దాయన మాత్రం నిలబడి, "ఇది కళ కాదమ్మా, పనిలేని పని" అన్నారు. కోపంగా కాదు, నిదానంగానే అన్నారు. అందుకే ఇంకా గుచ్చుకునింది.

ఆరుగురం మూడు వారాలు అల్లింది కళ అనిపించుకోవాలంటే ఏముండాలి? నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నా.


గోడబొమ్మ (తిరుపతి) – ఆదివారం రాత్రి 10:02

అక్కా, మీ బాధ అర్థమైంది. మీకు నచ్చని మాటే చెప్తా, తప్పుగా అనుకోవద్దు.

నేను ముప్పై ఏండ్లు సైన్‌బోర్డులు రాసినా. ఫ్లెక్సీ వచ్చినాక ఆ బతుకు పోయింది. ఇప్పుడు బడి గోడల మీద బొమ్మలేస్తా ఉండా. బొమ్మ మొదలుపెట్టే ముందు ఆ గోడ దగ్గర ఒక పూట ఊరికే కూర్చుంటా. ఎండ ఏ పక్క నుంచి పడతాది, పిల్లోళ్లు యాడ ఆనుకుంటారు, తేమ ఎంత ఎత్తు దాకా ఎక్కుతాది, అన్నీ చూస్తా. బొమ్మ ఆ గోడకే పుట్టాల. మీ చదరాలు ఆ స్తంభానికి కాకుండా లీలామహల్ సెంటర్లో ఇంకో స్తంభానికి తొడిగినా అట్లే ఉంటాయి కదా? యాడికైనా సరిపోయేది అలంకారం. అలంకారం తక్కువదని కాదు. పెండ్లిపందిరి అలంకారమే, అది లేకుంటే పెండ్లి కళ తప్పుతాది. అయినా పందిరి వేసినాయన తనను కళాకారుడు అనమని అడగడు.


చెన్నైలో చిత్తూరు – ఆదివారం రాత్రి 11:25

పుట్టింది చిత్తూరులో, ఉండేది చెన్నైలో. ఊలు సూది చేత్తో పట్టుకునేదాన్నే కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

ఊలుండ అక్కా, మీరు చేసినదానికి బయటి దేశాల్లో యార్న్ బాంబింగ్ అని పేరు. మెత్తటి ఊలుకు బాంబు అనే మాట తగిలించడం నాకు నచ్చదు, కానీ పేరు అదే స్థిరపడింది. అమెరికాలో హ్యూస్టన్ నగరంలో 2005లో మగ్డా సయేగ్ అనే ఆమె తన కొట్టు తలుపు పిడికి అల్లిక తొడిగింది. జనం ఆగి చూస్తున్నారని గమనించి వీధిలో ఉండే స్టాప్ బోర్డు స్తంభానికి తొడిగింది. అక్కడి నుంచి ఊళ్లకు ఊళ్లు పాకింది. 2011 నుంచి జూన్ 11న దీనికొక రోజు కూడా జరుపుకుంటున్నారు, అది కెనడాలో మొదలైంది.

గోడబొమ్మ అన్నకు నా జవాబు తలుపు పిడి కాదు, ట్యాంకు. 2006లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో మరియానె యోర్గెన్‌సెన్ అనే కళాకారిణి రెండో ప్రపంచయుద్ధం నాటి యుద్ధ ట్యాంకు మొత్తానికి గులాబీరంగు అల్లిక తొడిగింది. నాలుగు వేలకు పైగా చదరాలు, రకరకాల దేశాల వాళ్లు అల్లి పంపినవి. ఇరాక్ యుద్ధంలో వాళ్ల దేశం కలిసినందుకు నిరసన అది. ఫిరంగి గొట్టాన్ని కూడా వదల్లేదు. ఫోటో చూస్తే ఒక్కో చదరం ఒక్కో తీరు, ఒకరిది బిగువు, ఒకరిది వదులు. చంపడానికి తయారైన ఇనుము మీద ఎవరి ఇంట్లోనో సాయంత్రం పూట కూర్చుని అల్లిన దారం. అదే చదరాలు దుప్పటిగా కుడితే దుప్పటే అవుతుంది. ట్యాంకు మీద వేస్తే మాట అవుతుంది. కాబట్టి అన్నా, మీరు చెప్పిన 'ఆ చోటుకే పుట్టాలి' అనే కొలత ఊలుకూ వర్తిస్తుంది.

కోసి తీసేయడం కూడా మీ ఒక్కరికే జరగలేదు అక్కా. 2010 డిసెంబరులో ఓలెక్ అనే పేరుతో పనిచేసే కళాకారిణి న్యూయార్క్ వాల్ స్ట్రీట్ దగ్గరున్న ఎద్దు బొమ్మకు ఒళ్లంతా అల్లిక తొడిగితే కొన్ని గంటలకే పీకేసినారు.


ఉదయం నడక – సోమవారం ఉదయం 6:48

ఆ పెద్దాయన నేను కాదు. నేను వేరే పార్కులో నడుస్తాను. కానీ ఆయన పక్షాన ఎవరో ఒకరు మాట్లాడాలి.

అమ్మా, మీ చేతిపనిని నేను తక్కువ చేయడం లేదు. పార్కు మాత్రం మీ ఆరుగురిదే కాదు. ఎవరినైనా అడిగినారా? బహిరంగ ప్రదేశాలను అందవికారం చేయకూడదని మన రాష్ట్రంలో 1997లోనే చట్టం తెచ్చినారు. అయినా తిరుపతిలో ఏ కూడలి చూసినా పుట్టినరోజు ఫ్లెక్సీలే. తీయమంటే 'మా అభిమానం' అంటారు. రేపు నేను వాళ్లను ప్రశ్నిస్తే 'ఊలు కట్టినప్పుడు మీరు ఊరుకున్నారు కదా' అంటే నా దగ్గర జవాబు ఉండదు.

ఇంకొకటి. నేను కరెంటు పని చేసి రిటైరైన మనిషిని. వీధి లైటు స్తంభానికి కింద, మోకాలి ఎత్తులో చిన్న తలుపు ఉంటుంది. లోపల వైర్ల జాయింటు. మీరు అడుగు నుంచి తొడిగినామంటున్నారు, అంటే ఆ తలుపు మూసుకుపోయింది. లైటు వెలగకపోతే పనివాడు ఆ తలుపే తీయాలి. ఎర్త్ సరిగా లేని స్తంభం మీద తడిసిన ఊలు ఉంటే, దాన్ని పట్టుకుని ఆడుకునే పిల్లవాడి సంగతి ఆలోచించండి. కోసినవాళ్లు కళను ద్వేషించి కోసి ఉండరు.


ఊలుండ – సోమవారం ఉదయం 8:15

సార్, ఆ చిన్న తలుపు సంగతి మాకు తట్టనే లేదు. నిజంగా మా తప్పే. అవును, మూసుకుపోయింది. దానిమీద నీలం, పసుపు చదరాలు ఉండేవి. ఈ మాట అప్పుడే వాళ్లు చెప్పి ఉంటే మేమే విప్పి తెచ్చుకునేవాళ్లం.

అడగడం గురించి: అడిగితే ఎవరిని అడగాలో తెలియక అడగలేదు. అది జవాబు కాదని తెలుసు.


గోదారి గట్టు (నరసాపురం – ప్రస్తుతం తిరుపతి) – సోమవారం మధ్యాహ్నం 1:30

నమస్కారమండి. మాది నరసాపురం దగ్గర పల్లెటూరు. ఉద్యోగరీత్యా తిరుపతిలో ఉంటున్నాం. 'పనిలేని పని' అన్న మాట చదివాక రాయకుండా ఉండలేకపోయాను.

మా అమ్మమ్మ, అమ్మ, పెద్దమ్మ ముగ్గురూ లేసు అల్లినవాళ్లే. మా వైపు క్రోషియాని లేసు అనే అంటారు. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు మా ప్రాంతంలో నేర్పిన పని అది, తర్వాత ఊరూరా పాకింది. మధ్యాహ్నం వంటగిన్నెలు కడిగి అరుగు మీద కూర్చుంటే దీపాల వేళ దాకా అమ్మమ్మ చేతిలో సూది ఆగేది కాదు. దారం ఉండ దొర్లిపోకుండా పాత ఇత్తడి చెంబులో వేసుకునేది. లాగినప్పుడల్లా ఉండ చెంబులో తిరిగే చప్పుడు, గుడగుడమని, ఇప్పటికీ నా చెవిలో ఉంది. చూపుడువేలు పక్కన దారం ఒరిసి ఒరిసి గీత పడిపోయింది ఆవిడకి. అన్నం కలిపితే ఉప్పు తగిలి అక్కడ చురుక్కుమనేదట.

వారానికోసారి ఏజెంటు వచ్చి ముక్కలు లెక్కపెట్టుకుని, కాస్త మాసిన ముక్క ఉంటే పక్కన పడేసి, మిగిలినవాటికి డబ్బులిచ్చేవాడు. అవి ఓడలెక్కి ఏ దేశాలకో వెళ్లేవి. ఇంటికొచ్చినవాళ్లు 'మీ ఆవిడ ఏం చేస్తారండీ' అని అడిగితే తాతయ్య 'ఏం చెయ్యదండి, ఇంట్లోనే ఉంటుంది' అనేవారు. చెడ్డమనిషి కాదు తాతయ్య. ఆయనకి అది నిజంగానే పనిగా కనిపించలేదు.

మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మా నరసాపురం వచ్చి ఈ ఆడవాళ్లతో మాట్లాడి 1982లో పుస్తకం వేశారు. ఆవిడ పట్టుకున్నది సరిగ్గా ఇదేనండి. ప్రపంచ మార్కెట్ కోసం రోజూ గంటల తరబడి పనిచేసేవాళ్లకి 'తీరికవేళ అల్లుకునే గృహిణులు' అని పేరు పెట్టడం వల్లే అంత తక్కువ కూలికి ఆ వ్యాపారం నడిచింది. 2024లో నరసాపురం లేసుకి జీఐ, అంటే ఈ సరుకు ఈ ఊరిదే అనే గుర్తింపు వచ్చింది. సంతోషమే. అమ్మమ్మ అప్పటికే లేదు.

ఊలుండ గారూ, ఆ పెద్దాయన అన్న మాట కొత్తది కాదు, మా ఇంట్లో రెండు తరాలు విన్న మాట. దారం ఇంట్లో ఉంటే కాలక్షేపం, ఓడ ఎక్కితే ఎగుమతి సరుకు, వీధిలోకి వస్తే పనిలేని పని. మా అమ్మమ్మ అల్లిన వేల ముక్కల్లో ఒక్కటీ మా ఊళ్లోవాళ్లు చూడలేదండి. మీరు మీ ఊరి నడుమ, మీవాళ్లు నడిచే దారిలో పెట్టారు. కళ అనే ముద్ర దానికి పడుతుందో లేదో పండితులు చెప్పనివ్వండి. నాకైతే అది చూడగానే కళ్లు తడిసేవి.


దారాల కొట్టు – సోమవారం సాయంత్రం 4:05

గాంధీ రోడ్డు పక్క సందులో మాది దారాల కొట్టు. ఒక సంగతి అందరికీ తెలియాలని రాస్తున్నా. మా దగ్గరికి వచ్చి ఊలు ఇవ్వమని అడిగేవాళ్లకు ఎక్కువగా మేము ఇచ్చేది గొర్రె ఉన్ని కాదు, అక్రిలిక్. పెట్రోలియం నుంచి తయారయ్యే ప్లాస్టిక్ దారమే. రంగు మెరుస్తుంది, ధర తక్కువ. బయట పెడితే పోగులు రాలి మట్టిలో కలుస్తాయి, కుళ్లవు. నూలు దారం తీసుకోండమ్మా. రంగు త్వరగా వెలుస్తుంది, వెలవనీయండి.


కానుగ నీడ – సోమవారం సాయంత్రం 6:20

నేను వృక్షశాస్త్రం చెప్పే పంతులమ్మను. స్తంభం గురించి చర్చ బాగా జరిగింది కానీ వేపచెట్టు గురించి ఎవరూ మాట్లాడలేదు.

చెట్టు బెరడు మీద కంటికి ఆనని చిన్న రంధ్రాలుంటాయి, వాటి గుండా గాలి ఆడుతుంది. మంచు, వాన, నీళ్లు పట్టే పైపు తుంపర్లు పడి తడిసిన అల్లిక బెరడుకు అతుక్కుపోతే లోపల ఆరదు. ఆరని చోట బూజు, చెద. చీమలు మట్టి కట్టుకుంటాయి. లాగి బిగించి కుట్టి ఉంటే ఇంకా ఇబ్బంది, చెట్టు లావెక్కుతుంది, దారం ఎక్కదు. రెండు మూడు వారాలైతే పెద్ద నష్టం ఉండదు. వానాకాలం దాకా మాత్రం ఉంచొద్దు. ఊడిన కొసలు వేలాడితే గోరింకల కాళ్లకు చుట్టుకుంటాయి, అదీ చూసుకోండి. దయచేసి తీసేయండి, లేదా కనీసం వదులు చేయండి.


ఊలుండ – సోమవారం రాత్రి 9:40

మేడం, అక్కడే మాకు చిక్కొచ్చి పడింది. మొదట రాయలేదు, ఎట్లా చెప్పాలో తెలియక.

వేపచెట్టు పట్టీ ఆకుపచ్చ మీద పసుపు, ఎరుపు అంచు. మేము రంగులు ఇంట్లో ఉన్నవాటిని బట్టి వేసినాం, ఇంకే ఉద్దేశమూ లేదు. కట్టిన నాలుగో రోజు పొద్దున పోతే పట్టీ మధ్యలో మూడు పసుపు బొట్లు, వాటి మీద కుంకుమ. మరుసటి రోజు మూర కనకాంబరాలు. ఎవరా అని చూస్తే, తెల్లారకముందే ఆకుకూరల గంప దించుకుని ఆ చెట్టు కింద కాసేపు కూర్చునే అవ్వ. మేము కట్టినామని ఆమెకు తెలియదు. "ఎవరో మారాజులు అమ్మకు చీర కట్టించినారు నాయనా, ఇన్నేండ్లు ఉత్త మానుగా ఉండె" అనింది నాతో.

నేను ఆమెకు ఏమీ చెప్పలేకపోయినా. ఇప్పుడు రోజుకు నలుగురైదుగురు చెట్టుకు దండం పెట్టుకుని పోతున్నారు. స్తంభం మీదది కోసినవాళ్లు దీని జోలికి ఎందుకు రాలేదో అప్పుడు అర్థమైంది. మా వదిన ఇది చూసి ఇక అసలు కదిలించొద్దు అంటుంది. ఇది మేము చేసిందేనా, కాదా అని నాకే సందేహం వస్తుంది.


కతల పంతులు (చిత్తూరు) – సోమవారం రాత్రి 11:15

అమ్మా, మీ ఈ ముక్క చదివి లేచి కూర్చున్నాను. మీరు మొదట అడిగిన ప్రశ్నకు జవాబు మీ ఊర్లోనే ఉంది.

తాతయ్యగుంట గంగమ్మ జాతరకు చాటింపు వేసే ముందు ఏం చేస్తారు? గుడి ముందున్న కొడిస్తంభానికి అభిషేకం చేసి, పసుపు కుంకుమలు పెట్టి, వడిబాలు, అంటే పసుపు గుడ్డ, కడతారు. స్తంభానికి గుడ్డ చుట్టడంతోనే అంత పెద్ద జాతర మొదలవుతుంది. ఆఖరి రాత్రి గుడి ముందర బంకమట్టితో అమ్మవారి విశ్వరూపం చేస్తారు. ఎంత పెద్ద ముఖం, ఎంత పెద్ద కండ్లు! నేను బడిపిల్లవాడిగా మా నాయన భుజం మీద కూర్చుని చూసినాను, రెప్ప వేయడానికి భయపడినాను. తెల్లవారేలోపు పేరంటాలు వేషంలో వచ్చి ఆ ముఖం చెంప తీసేస్తారు. మట్టి కోసం జనం ఎగబడతారు, ఇంటికి తీసుకుపోయి దాచుకుంటారు. కొన్ని గంటల ఆయుస్సు. అది చేసిన చేతులను ఎవరైనా 'కళాకారులా కాదా' అని అడిగినారా? అడగాల్సిన అవసరం రాలేదు.

ఇంకొకటి. వాత్స్యాయనుడు చెప్పిన అరవై నాలుగు కళల్లో సంగీతం, నాట్యం, చిత్రలేఖనంతో పాటు సూచీవానకర్మ ఉంది, అంటే సూదితో చేసే కుట్టుపని, నేతపని. సూత్రక్రీడ ఉంది, దారంతో ఆడే విద్య. మాలలు గుచ్చడం ఉంది. బియ్యంతో పూలతో నేల మీద తీర్చడం కూడా ఉంది, మన ముగ్గు అదే. కుట్టుపని వేరు, కళ వేరు అనే గోడ మన పాత లెక్కలో లేదు. అది తర్వాత కట్టిన గోడ.


మాధవమాల చెక్క – మంగళవారం ఉదయం 7:30

పంతులు గారు చెప్పిన గోడ ఈరోజుకీ ఉంది సార్. మా ఊర్లో ఎర్రచందనం కొయ్యతో, ఇంకా వేరే కొయ్యతో విగ్రహాలు చెక్కుతాం. మా నాయన ఒక వెంకటేశ్వరస్వామి మీద నలభై రోజులు కూర్చుంటే కొన్నాయన బిల్లు మీద హ్యాండీక్రాఫ్ట్ అని రాసినాడు. పక్కనే శ్రీకాళహస్తిలో కలంకారీని కూడా ఒకప్పుడు గుడి తెరగుడ్డలనే అనేవాళ్లు. జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది, అప్పుడు అందరూ కళ అన్నారు. గుడ్డ అదే, కలం అదే, కరక్కాయ అదే.

ఊలుండ అక్కా, మీ అల్లిక పని ఎట్లా ఉందో ఒక ఫోటో పెట్టండి. కళ అవునో కాదో తర్వాత, ముందు పని చూడాల. వెనక పక్క ముడులు ఎట్లా దాచినారో చూస్తే మనిషి తెలిసిపోతాది.


గోడబొమ్మ – మంగళవారం ఉదయం 10:10

ఇప్పుడే పోయి చూసొచ్చినా, నేనుండేది దగ్గరే. బెంచీ చేతుల మీద తొడుగులు చూసినా, మాధవమాల అన్న అడిగినట్టే తిప్పి వెనక చూసినా. ముడులు కనపడవు, కొసలన్నీ లోపలికి ఎక్కించి ఉండాయి. పని పనే. దానికి నా దండం.

నా మాట మీద నేను ఇంకా నిలబడే ఉండా. బెంచీ తొడుగు అలంకారం. స్తంభానిది పోయింది కాబట్టి చెప్పలేను. వేపచెట్టు కాడ మాత్రం నా మాట నడవలేదు. ఆ పట్టీ ఇంకో చెట్టుకు కడితే అదే కాదు. ఆ అవ్వ కూర్చునే చోటు, ఆ చెట్టు ఉత్త మానుగా ఉన్న ఇన్నేండ్లు, అన్నీ కలిస్తేనే అది చీర అయింది. మీరు ఒక పూట కూర్చుని ఆలోచించి చేయలేదు, ఆ అవ్వ ఇన్నేండ్లు కూర్చుని ఉండాది. సగం పని ఆమెదే.

బొమ్మ నా చెయ్యి దాటినాక ఏమవుతాదో నాకెప్పుడూ తెలియదు. ఒక బడి గోడ మీద నేను వేసిన నెమలి కాళ్ల దగ్గర పిల్లోళ్లు పలకపుల్లతో చిన్న చిన్న నెమళ్లు గీసినారు. నేను వేసినదానికంటే అవే ఎక్కువసేపు చూసినా.


ఉదయం నడక – మంగళవారం మధ్యాహ్నం 12:40

మీరందరూ సంతోషపడుతున్నారు, నాకు మాత్రం ఇక్కడే ఎక్కువ భయం. ఫ్లెక్సీని తీయమని అడగవచ్చు, కుంకుమ పడినదాన్ని అడగలేం. ఈరోజు పట్టీ, రేపు చెట్టు చుట్టూ సిమెంటు గట్టు, ఎల్లుండి రేకుల షెడ్డు. నడిచే దారి మూడడుగులు తగ్గుతుంది. భక్తి లేక చెప్పడం లేదు, నేనూ రోజూ కపిలతీర్థం పోయివచ్చే మనిషినే. పైగా కానుగ నీడ మేడం చెట్టుకే మంచిది కాదంటున్నారు. అమ్మ చీర అని దండం పెట్టుకుంటూ ఆ చెట్టునే చంపుకుంటామా?

ఊలుండ అమ్మా, అది కళ అయినా, చీర అయినా, కట్టినవాళ్లు మీరు. దాన్ని చూసుకోవాల్సిందీ మీరే.


చెన్నైలో చిత్తూరు – మంగళవారం మధ్యాహ్నం 3:00

సార్ మాటతో నేను ఏకీభవిస్తాను. క్రిస్టో, జాన్ క్లోడ్ అనే కళాకార దంపతులు 1995లో బెర్లిన్‌లో పార్లమెంటు భవనం రైష్టాగ్ మొత్తాన్ని లక్ష చదరపు మీటర్ల గుడ్డతో చుట్టినారు. అనుమతి కోసం ఇరవై ఏండ్లకు పైగా తిరిగినారు. ఉంచింది రెండు వారాలే, వాళ్లే విప్పించినారు. విప్పడం కూడా వాళ్ల పనిలో భాగమే.

మా చెన్నైలో 2016లో క్రోషియా ఆడవాళ్లు 11,148.5 చదరపు మీటర్ల దుప్పటి పరిచి గిన్నిస్ రికార్డు సాధించినారు. అంత పెద్దది చూసినా నాకు మీ వేపచెట్టు కథ తగిలినంతగా తగల్లేదు అక్కా.


నిర్వాహకుడు – మంగళవారం సాయంత్రం 5:00

చర్చ చక్కగా సాగుతోంది. పార్కు పేరు, ఆ అవ్వ వివరాలు ఎవరూ రాయవద్దని మనవి. ఫోటోల్లో మనుషుల ముఖాలు లేకుండా చూడండి.


ఊలుండ – గురువారం ఉదయం 9:20

ఈరోజు పొద్దున జరిగింది చెప్తాను.

రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. చివరికి నిన్న తెల్లారకముందే పోయి అవ్వ పక్కన కూర్చున్నా. ఆ చీర కట్టింది మేమేనవ్వా, అని చెప్పినా. ఊలు కాదు, ప్లాస్టిక్ దారమని, చెట్టుకు లోపల గాలాడదని, చదువుకున్న ఒక మేడం చెప్పిందని చెప్పినా. కోపం చేస్తాదేమో అనుకున్నా. ఆమె గంపలోంచి పాలకూర కట్ట తీసి వేర్ల దగ్గర మట్టి చూపించింది. "నాకు తెలవదా? అంతా తడి తడిగా ఉంటే కూరాకైనా కుళ్లిపోతాది. చీర కట్టినాక విప్పల్ల గదమ్మా. విప్పకుంటే చీర కాదు" అనింది. శుక్రవారం వద్దు, గురువారం పొద్దున విప్పుదాం అనింది.

ఈరోజు ఆరుకు ఆరుగురమూ పోయినాం. ఉదయం నడక సార్, నేను మొదట చెప్పినానే, 'పనిలేని పని' అన్న ఆ పెద్దాయన కూడా నడుస్తా వచ్చి నిలబడినారు, ఏమీ మాట్లాడలేదు. అవ్వ ముందు చెట్టుకు దండం పెట్టి, పూలు తీసి పక్కన పెట్టింది. కత్తెర వద్దనింది. పట్టీ ముందుకీ వెనక్కీ అల్లింది కాబట్టి, ఆఖరి కుట్టు కొస దొరికితే చాలు, లాగుతా పోతే మొత్తం విడిపోతుంది. ఆ కొస వెతకడానికే పావుగంట పట్టింది, అంత లోపలికి దాచి కుట్టి ఉన్నాను. దొరికినాక నేను లాగుతా ఉంటే అవ్వ ఉండ చుట్టింది. పసుపు వచ్చిన చోట దారం గట్టిపడి, ఒక్కో కుట్టూ టక్ టక్ మని విడింది.

కానుగ నీడ మేడం, మీరు చెప్పిందే. లోపల బెరడు నల్లగా తడిసి ఉంది, ఒక పక్క చీమలు మట్టి కట్టినాయి. అవ్వ చెంగుతో తుడిచేసింది. చెట్టు బాగుంది.

ఉండ నా దగ్గర ఉంది, తలకాయంత ఉంది, పసుపు వాసన వస్తుంది. ఇంకోటి అల్లుదువులే, నూలుతో, అని అవ్వ నా చేతిలో పెట్టింది. గంగజాతరకు ముందు వారం కట్టి, జాతర అయినాక విప్పాలట. గోడబొమ్మ అన్నా, ఈసారి రంగులు ఆమే చెప్తుంది.


దారాల కొట్టు – గురువారం ఉదయం 10:05

ఊలుండ అమ్మా, పసుపుపచ్చ, ఎరుపు నూలు దారం సోమవారం వస్తుంది. చెట్టు చుట్టుకొలత ఎంతో చెప్పండి, తీసి పెడతా.


ఊలుండ – గురువారం ఉదయం 10:30

యాభై నాలుగు అంగుళాలు. వదులుగా కాబట్టి అరవైకి లెక్క వేయండి.